పాలపొడి డబ్బాలో టోపీలు

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ ఇంట్లో ఏ డబ్బా మీద ఏం రాసి ఉందో ఆ డబ్బాలో అది ఉండేది కాదు. కాఫీ సీసాలో జీలకర్ర ఉండేది, బిస్కెట్ల రేకుడబ్బాలో సూదీ దారం ఉండేవి, పెద్ద పెద్ద పాలపొడి డబ్బాల్లో పప్పులూ పిండ్లూ ఉండేవి. కువైట్‌లో ఆ రోజుల్లో పాలపొడి కొనని ఇల్లు లేదు. ఖాళీ అయిన డబ్బాను పారేసే తెలుగు ఇల్లాలు అసలే లేదు. మూత బిగువుగా పడుతుంది, దుమ్ముగాలి వచ్చినా లోపలికి ఇసుక దూరదు, పైగా ఊరికే వచ్చింది. ఎందులో ఏముందో పెద్దమ్మ ఒక్కదానికే తెలుసు. ఆమె బజారుకు వెళ్ళిన పూట పెదనాన్నకు టీ తాగాలనిపిస్తే, చక్కెర దొరికేలోపు పొయ్యి మీద నీళ్ళు సగం ఇగిరిపోయేవి. మేమంతా ఆమెను ఆటపట్టించేవాళ్ళం. ఆమె ఏమాత్రం తగ్గేది కాదు, ఇంకో డబ్బా కడిగి ఎండబెట్టేది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, నన్ను అందరూ మొండిదంటారు. షుఐబా పోర్టు దగ్గర ఓడల సరుకు పరీక్షించే మా ల్యాబ్‌లో అంటారు, ఇంట్లో మా ఆయన అంటారు, ఈమధ్య నా మనవరాలు కూడా ఆ మాట నేర్చుకుంది. నేను కాదనను. అయితే ఈ మొండితనం నాకు పుట్టుకతో రాలేదు. ఒక గురువారం మా పెదనాన్న దగ్గర చూసి నేర్చుకున్నాను. తగ్గించుకోమని నాకు సలహా ఇచ్చేవాళ్ళు ముందు ఆ రోజు సంగతి వినాలి.

మా పెదనాన్నది కోనసీమ. మిలటరీలో ఆయుధాల మరమ్మతు నేర్చుకుని, అక్కడ సర్వీసు అయిపోయాక కువైట్ వచ్చారు. జహ్రా వెళ్ళే దారిలో ఇళ్ళకు దూరంగా ఒక షూటింగ్ క్లబ్బు ఉండేది. అక్కడి పిస్తోళ్ళు బాగుచేయడం, సాధన చేసేవాళ్ళకు తూటాలు నింపడం ఆయన పని. క్లబ్బు ప్రహరీ లోపలే రెండు గదుల ఇల్లు ఇచ్చారు. మా అమ్మ ఆసుపత్రిలో నర్సు, మా నాన్న ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫోర్‌మన్. సెలవు రోజుల్లో కూడా ఇద్దరికీ డ్యూటీలు పడేవి. అందుకని బడి లేని రోజు నన్ను తెచ్చి పెదనాన్న ఇంట్లో దించి వెళ్ళేవారు. వాళ్ళకు పిల్లలు లేరు. పెద్దమ్మ నాకు జడలు వేసి, తిండి పెట్టి, గంటకోసారి ఇంకేమైనా తింటావా అని అడిగేది. పెదనాన్న నేను ఎన్ని ప్రశ్నలు వేసినా విసుక్కోకుండా జవాబు చెప్పేవారు.

తూటాలు నింపే గదిలోకి మాత్రం నన్ను రానిచ్చేవారు కాదు. పెద్దమ్మను కూడా రానిచ్చేవారు కాదు. బయట కిటికీ దగ్గర నాకో స్టూలు వేసి, అద్దంలోంచి చూసుకోమనేవారు. మైదానంలో ఏరుకొచ్చిన ఖాళీ తూటాలను, అంటే కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాలను, శుభ్రం చేసి బల్ల మీద వరసగా పెట్టుకునేవారు. అడుగున ఉన్న పాత టోపీని పొడిచి తీసేసి, మీట నొక్కి కొత్త టోపీని కూర్చేవారు. టోపీ అంటే కందిబద్దంత లోహపు బిళ్ళ. పిస్తోలు సూది దాని నడుమ తగిలితే నిప్పు పుడుతుంది, ఆ నిప్పు లోపలి మందును అంటిస్తుంది, మందు గుండును బయటికి తోస్తుంది. టోపీ సరిగా దిగిందో లేదో వేలి కొసతో తడిమి చూశాకే మందు తూచి పోసి, పైన గుండు బిగించేవారు. ఆ పని చేస్తున్నంతసేపూ రేడియో ఉండకూడదు, కబుర్లు ఉండకూడదు. మామూలుగా ఎంతో సరదాగా ఉండే మనిషి ఆ బల్ల ముందు కూర్చుంటే నాకు కొత్త మనిషిలా కనిపించేవారు.

ఆ గురువారం బడి సెలవని నేను అక్కడే ఉన్నాను. మర్నాడు శుక్రవారం క్లబ్బులో పోటీ. ఎప్పుడూ వాడే కంపెనీ టోపీలు రావలసిన సరుకు పోర్టులో ఆగిపోయింది. అందుకని ముదీర్ వేరే కంపెనీవి తెప్పించారు. ముదీర్ అంటే క్లబ్బు మేనేజరు, ఆయన్ను అందరూ అలాగే పిలిచేవారు. కువైటీ, చెడ్డమనిషి కాదు. వచ్చినప్పుడల్లా నాకు చాక్లెట్లు ఇచ్చేవారు, పెద్దమ్మ చేతి టీ అంటే ఆయనకు ప్రాణం. ఆ పోటీలో ఆయన సొంత తమ్ముడు కాల్చబోతున్నాడు. పొద్దున్నే వచ్చి, టోపీలు ఇంటికి పంపిస్తాను, ఎప్పటిలాగే నింపెయ్ అని పెదనాన్నకు చెప్పి, నా చేతిలో చాక్లెట్ పెట్టి వెళ్ళిపోయారు.

ఆ 'ఎప్పటిలాగే' అన్న మాట పెదనాన్నకు మింగుడు పడలేదు. ముదీర్ కారు వెళ్ళిపోయాక కూడా గేటు దగ్గరే నిలబడి తనలో తనే ఏదో అనుకుంటున్నారు. నేను వెళ్ళి, కొత్తవి ఈ తూటాలకు పట్టవా అని అడిగాను. పడతాయన్నారు. పట్టినప్పుడు ఇంకేంటని అడిగాను. ఆయన నా జడ పట్టుకుని లాగి నవ్వారు.

"అమ్మడూ, మీ నాన్న చొక్కా నాకు సరిగ్గా సరిపోద్ది. అంతమాత్రాన నేను మీ నాన్ననైపోతానా?"

ఆ తర్వాత ఇంటికి నడుస్తూ నెమ్మదిగా వివరించారు. ఒక కంపెనీ టోపీ రేకు పలచగా ఉంటుంది, ఇంకోదానిది మందంగా ఉంటుంది. ఒకదానిలో నిప్పు మెల్లగా పుడుతుంది, ఇంకోదానిలో ఒక్క ఊపున కొడుతుంది. పైకి రెండూ ఒకటే. అదే మందు, అదే తూకం అయినా టోపీ మారిందంటే లోపల పుట్టే ఒత్తిడి మారిపోవచ్చు. అందుకని కంపెనీ మారిన రోజున పాత లెక్క చెల్లదట. మందు తగ్గించి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలట. కాసిని నింపి, తనే కాల్చి, ఖాళీ గొట్టాల అడుగులు భూతద్దంలో చూసి, అంతా సవ్యంగా ఉంటే కాస్త పెంచి మళ్ళీ కాల్చి చూసుకోవాలట. సాయంత్రం లోపు అదంతా అయిపోతుందని చెప్పి, కాల్చి చూడటానికి చోటు సిద్ధం చేసుకోవడానికి మైదానం వైపు వెళ్ళారు. నేను ఇంట్లోకి వెళ్ళి హోంవర్కు ముందేసుకుని కూర్చున్నాను.

ఆ కాసేపట్లోనే క్లబ్బు డ్రైవరు సరుకు తెచ్చాడు. కొత్త కంపెనీ పెట్టెలు తెమ్మంటే, స్టోరులో అడుగున మిగిలిన పాత కంపెనీ పెట్టెలు కూడా అందులోనే పడేసి, వాటి మీద ఇంకేవో బరువులు పెట్టి తెచ్చినట్టున్నాడు. అట్టపెట్టెలన్నీ నలిగి చిరిగిపోయాయి. టోపీలను అరలు అరలుగా పేర్చి ఉంచే పళ్ళేలు బయటికి జారిపోయాయి. నింపే గదికి తాళం ఉంది కాబట్టి వాటిని మా వరండాలో పెట్టి అతను వెళ్ళిపోయాడు. పెద్దమ్మ చూసింది. వరండా నిండా చిరిగిన అట్టలు, వాటి మధ్య తళతళలాడే చిన్న బిళ్ళలు. ఇంటావిడ అన్నాక అలా చూస్తూ ఊరుకోగలదా? కడిగి ఎండబెట్టిన పాలపొడి డబ్బా ఒకటి అక్కడే ఉంది. లోపల ఉన్న నాకు రేకు డబ్బాలో గలగలా ఆవాలు పోసిన చప్పుడు వినబడింది. చిరిగిన అట్టలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి, వరండా అద్దంలా అయింది.

పెదనాన్న తిరిగొచ్చేసరికి ఆమె ఆ డబ్బాను చేత్తో పట్టుకుని ఎదురెళ్ళింది. చిందరవందరగా ఉంటే అన్నీ ఒకచోట పోసి పెట్టానని సంతోషంగా చెప్పి, ఎన్ని ఉన్నాయో చూడండి అన్నట్టు డబ్బాను ఊపబోయింది. పెదనాన్న గొంతు పెంచలేదు. ఇంకా మెల్లగా, దాదాపు గుసగుసగా మాట్లాడారు.

"ఊపకే. అలాగే ఉండు. నేను తీసుకుంటాను, నువ్వు వదిలెయ్."

రెండు చేతులతో ఆ డబ్బాను అందుకుని, చంటిబిడ్డను మోసినట్టు తీసుకెళ్ళి, బయట నీడలో ఇసుక మీద పెట్టారు. నన్ను దూరంగా వెళ్ళమన్నారు. ఆ బిళ్ళలు ఒక్కో అరలో ఒక్కొక్కటిగా ఎందుకుంటాయో అప్పుడు చెప్పారు. విడిగా ఉంటే ఒకటి పేలితే ఒకటే పేలుతుంది. డబ్బాలో పోస్తే ఒకదాని వెంట అన్నీ పేలతాయి. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని అరచేతులను తిప్పి తిప్పి చూసుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఆయన ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. వాళ్ళిద్దరి కాపురంలో నేను చూసిన అతి పెద్ద గొడవ అదే, అందులో గొడవ లేదు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. పెదనాన్న తడిగుడ్డ మీద కొన్ని టోపీలు పెట్టుకుని భూతద్దంతో ఒక్కోదాన్నీ చూశారు. పాతవీ తెల్లగానే ఉన్నాయి, కొత్తవీ తెల్లగానే ఉన్నాయి. గుర్తు లేదు, గీత లేదు. ఏది ఏ కంపెనీదో పెట్టె మీద రాసి ఉండేది, ఆ పెట్టెలు చిరిగిపోయి, టోపీలన్నీ ఒక్క డబ్బాలో పోసేశాక ఇక చెప్పగలిగేవాళ్ళు లేరు. పాత టోపీకి మందు ఎంతో ఆయనకు తెలుసు. కొత్తదానికి ఎంతో సాయంత్రానికి తెలుసుకోగలరు. కానీ చేతిలో ఉన్నది పాతదో కొత్తదో తెలియనప్పుడు ఏ లెక్క వేయాలి? భూతద్దం పక్కన పెట్టి, ఇక వీటితో తూటాలు నింపేది లేదని మా ఇద్దరికీ చెప్పారు. పెద్దమ్మ ఏడుపు ఆపుకుంటూ, ముదీర్ గారి కాళ్ళ మీద పడి తప్పు నాదేనని చెబుతానంది. ఆ మాట బయటికి రాకూడదన్నారు పెదనాన్న. సరుకు నా గుమ్మంలోకి వచ్చాక అది నా బాధ్యతే, నువ్వు టీ పెట్టడం తప్ప ఏమీ చెప్పొద్దు అన్నారు.

తర్వాత ఆయన చేసిన పని నాకు మొదట అర్థం కాలేదు. వంటగదిలోకి వెళ్ళి మిరపకాయలు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. కువైట్‌లోనే వఫ్రా తోటల నుంచి వచ్చేవి కొన్ని, చప్పగా ఉండే రకం, పిల్లలు కూడా తినవచ్చు. ఇండియా నుంచి వచ్చేవి కొన్ని, కొరికితే చెవుల్లోంచి పొగలొచ్చే రకం. ఆయన కూర్చుని రెండింట్లోంచీ ఒకే పొడవు, ఒకే రంగు ఉన్నవి ఏరారు. వఫ్రావి ఎక్కువ, మనవి తక్కువ. అన్నీ ఒక గిన్నెలో వేసి చేత్తో కలిపేశారు. శనగపిండి కలిపి బజ్జీలు వెయ్యమన్నారు. పెద్దమ్మ తల పట్టుకుంది. గాట్లు పెట్టి గింజలు కూడా తియ్యకుండా వేస్తే ఏది మండుతుందో తెలియదు కదా అంది. పెదనాన్న అదే కావాలన్నారు. అప్పుడు నాకు అర్థమైంది, నవ్వొచ్చింది. ముదీర్ నోరు మండుతుంది, మండగానే ఆయనకు టోపీల సంగతి తెలిసిపోతుంది, అందరం లబన్, అంటే ఇక్కడి మజ్జిగ, తాగి నవ్వుకుంటాం. నా వయసుకు అంతకన్నా గొప్ప ఎత్తు ఉండదనిపించింది.

సాయంత్రం ఎండ తగ్గుతుండగా ముదీర్ వచ్చారు. వరండాలో కుర్చీ వేశాం. పెద్దమ్మ టీ తెచ్చింది, నేను చేతికందిన నాలుగు బజ్జీలు ప్లేటులో పెట్టి తెచ్చాను. పెదనాన్న తనకు వచ్చిన అరబ్బీలో, రానిచోట హిందీలో జరిగింది చెప్పారు. పెద్దమ్మ పేరు ఎత్తలేదు. రెండు కంపెనీల టోపీలు నా ఇంట్లో కలిసిపోయాయి, వీటితో నింపలేనన్నారు. ముదీర్ తేలిగ్గా తీసుకున్నారు. రెండూ పేరున్న కంపెనీలే, రెండూ ఒకే కొలత, ఏమవుతుందన్నారు. అప్పుడు పెదనాన్న ప్లేటు ముందుకు జరిపి, వీటిలో చప్పవీ ఉన్నాయి, మంటవీ ఉన్నాయి, పైకి ఒకేలా ఉంటాయి, ఒకటి తీసుకోండి అన్నారు.

ముదీర్‌కు కిటుకు తెలిసిపోయింది. నవ్వి, ఒక బజ్జీ తీసుకుని కొరికారు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఆయన హాయిగా నమిలి మింగారు. చప్పటిది. ఇంకోటి తీసుకున్నారు, అదీ చప్పటిదే. నాకు కంగారు పుట్టింది. పెదనాన్నకు సాయం చేద్దామని నేనూ ఒకటి తీసుకుని, మండితే పెద్దగా కేకేద్దామని కొరికాను. నా ఖర్మ, అది కూడా చప్పటిదే. ముదీర్ మూతి తుడుచుకుని పెదనాన్న భుజం తట్టారు.

"మాఫీ ముష్కిల్, ఏ ఇబ్బందీ లేదు. చూశావా? ఏమీ కాలేదు."

ఆయన వెక్కిరించలేదు, నిజంగానే ధైర్యం చెబుతున్నారు. ఎత్తు పారలేదని తెలిసి పెద్దమ్మ గుమ్మం వెనక్కి తప్పుకుంది. నేను పెదనాన్న ముఖం చూశాను. ఓడిపోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో చూడాలనుకున్నానేమో. అది కనిపించలేదు. ఆయన బజ్జీల ప్లేటు పక్కకు జరిపేశారు, అంతే. ఆ కిటుకు ఆయనకు ఒక మాట చెప్పడానికి మాత్రమే కావలసి వచ్చింది. అది పనిచేయకపోతే మాట మార్చుకోవాలన్న ఆలోచన ఆయనకు లేదు.

ముదీర్ ఇంకో దారి చెప్పారు. అంత భయమైతే అన్నిట్లోనూ మందు తగ్గించి నింపమన్నారు. మరీ తగ్గితే గుండు పిస్తోలు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, ఆ సంగతి తెలియక రెండోది కాలిస్తే పిస్తోలే పగులుతుంది అని పెదనాన్న చెప్పారు. ముదీర్‌కు విసుగు వచ్చింది. వీటితో నింపితే పిస్తోలు పేలుతుందని నువ్వు ఒట్టేసి చెప్పగలవా అని అడిగారు. చెప్పలేనన్నారు పెదనాన్న. ఏమీ కాకపోవచ్చు కదా అని అడిగారు. కాకపోవచ్చు అన్నారు. ఆ జవాబు విని నేను చాలా నిరాశపడ్డాను. అంత నిజం చెప్పాల్సిన అవసరం ఏముందనిపించింది. పేలుతుంది అని ఒక్క మాట అంటే అయిపోయేది.

"నోరు మండితే లబన్ ఇస్తాను, సార్. మీ తమ్ముడి చెయ్యి పోతే ఏం ఇవ్వను? ఏమీ కాకపోవచ్చు అన్న మాట మీద నేను తూటా నింపను."

ముదీర్ ముఖంలో నవ్వు పోయింది. రేపు పొద్దున పోటీ, క్లబ్బు పరువు, ఊళ్ళో పెద్దమనుషులందరూ వస్తున్నారు. సరే, నువ్వు నింపకు, డబ్బా, గది తాళం ఇలా ఇవ్వు, నింపేవాణ్ని ఇంకెక్కడి నుంచైనా పిలిపిస్తానన్నారు. తెలివైన మాటే. అక్కడితో పెదనాన్న చేతులు దులుపుకోవచ్చు. తను నింపలేదు, తన చేతికి పాపం అంటలేదు, ఉద్యోగం కూడా మిగిలేది. మా నాన్న అయితే ఆ పనే చేసి ఉండేవారని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

పెదనాన్న లేచి గది తాళం తీసి, కుట్టుమిషన్లకు వేసేలాంటి పలచటి నూనె క్యాను తెచ్చారు. ఇసుక మీద ఉన్న డబ్బా మూత మెల్లగా తీసి, అంచు దాకా నూనె పోశారు. బుడగలు పైకి వచ్చి ఆగిపోయేదాకా పోశారు. ముదీర్ చూస్తూనే ఉన్నారు. నూనెలో నానిన టోపీ పేలుతుందో పేలదో ఇక ఎవరూ చెప్పలేరు. పోటీలో వాడటానికి ఎవరూ సాహసించరు. ఆ తర్వాత పెదనాన్న తాళంచెవి తెచ్చి ముదీర్ చేతిలో పెట్టారు. డబ్బా అక్కడుంది సార్, పేలిపోయే వస్తువు కాబట్టి జాగ్రత్తగా పారేయించండి అన్నారు. ఆ మాట కూడా చాలా మర్యాదగా అన్నారు.

ముదీర్ కుర్చీలోంచి లేచారు. 'ఖలాస్', ఇక అయిపోయింది అన్నారు. గట్టిగా కూడా అనలేదు. నా వైపు ఒకసారి చూసి, జేబులో చెయ్యి పెట్టి, చాక్లెట్ లేదని గుర్తొచ్చిందో ఏమో, ఖాళీ చేత్తోనే కారెక్కి వెళ్ళిపోయారు. ఉద్యోగం పోయిందని, ఇల్లు పోయిందని, కఫీల్, అంటే పని ఇచ్చిన యజమాని, సంతకం లేకపోతే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కూడా పోతుందని చిన్నపిల్లనైన నాకు కూడా తెలుసు. కువైట్‌లో పెరిగిన పిల్లలకు ఎక్కాల కంటే ముందు వచ్చే చదువు అది.

పెద్దమ్మ వచ్చి కప్పులు తీసింది. ప్లేటులో ఒక బజ్జీ మిగిలింది. పారేయడం ఆమెకు చేతకాదు కదా, వంటగదికి నడుస్తూ నడుస్తూ దాన్ని కొరికింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది, కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి, నోరు తెరిచి చేత్తో విసురుకుంటూ పెదనాన్న వైపు తిరిగింది. పాపం మాట రావడం లేదు. నేను పరుగెత్తి లబన్ తెచ్చాను. గ్లాసు ఖాళీ చేశాక ఆమె అన్న మొదటి మాట ఇది.

"ఉందండీ. ఇందులోనే ఉంది."

పెదనాన్న ఫక్కున నవ్వారు. ఆమె కూడా ఏడుస్తూనే నవ్వింది. ఉద్యోగం పోయిన సాయంత్రం వాళ్ళిద్దరూ వరండాలో కూర్చుని అంతగా ఎందుకు నవ్వుతున్నారో తెలియక నేను మధ్యలో నిలబడ్డాను. చూడాల్సిన మనిషి వెళ్ళిపోయాక ఇప్పుడు మండితే ఏం లాభమని నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పోటీ జరిగింది. ఇంకో క్లబ్బు నుంచి కొన్న, ఫ్యాక్టరీలో నింపిన తూటాలతో కాల్చారు. అలవాటు లేని తూటాలు కావడంతో ముదీర్ తమ్ముడు వెనకబడ్డాడని విన్నాం. అతని చేతికి ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి పెదనాన్న చేసింది మేలని చెప్పుకోవడానికి రుజువు కూడా లేదు. మా నాన్న వచ్చి తిట్టారు. ఇంత వయసొచ్చాక పంతాలేమిటి, క్షమాపణ చెప్పుకోమన్నారు. చుట్టాలూ స్నేహితులూ అదే పాట. అప్పటిదాకా తప్పు తనదని కుమిలిపోతున్న పెద్దమ్మ ఒక రోజు వంటగదిలోంచి బయటికి వచ్చి, వాళ్ళందరి నోరూ మూయించింది. మా ఆయనది తప్పనేవాళ్ళు తమ పిల్లాడి చేతికి ఆ తూటా ఇచ్చి కాల్చమని చెప్పి, అప్పుడు మాట్లాడాలంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ముదీర్ గురించి ఒక మంచి మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆయన పెదనాన్నను వెళ్ళగొట్టారు కానీ, వేరే చోట పని చూసుకోవడానికి కావలసిన రిలీజు ఇచ్చారు. కోపంలో ఆపేయగలిగిన మనిషి ఆపలేదు. ఆ కాగితంతో పెదనాన్న జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా చేరారు. ఆయుధాలు తప్ప ఇంకేదీ ముట్టని ఆ చేతులు పిల్లలను బడికి దింపి, 'మామా' అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు చెప్పిన కూరగాయలు తెచ్చాయి. నాకు అది చూస్తే ఏడుపొచ్చేది. ఒకసారి ఆయన మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. ఆ రోజు నింపేసి ఉంటే నిజంగా ఏమీ అయ్యేది కాదేమో కదా అని. నేను పెద్దదాన్నన్నట్టుగా ఆయన జవాబు చెప్పారు.

"అయ్యేది కాదేమో అమ్మడూ. ఆ 'ఏమో' ఉంది సూసేవా, అది నాదైతే నేను కాల్చుకుందును. ఇంకోడి చేతిలో పెట్టే హక్కు నాకు లేదు."

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పెద్దమ్మ చివరిదాకా పాలపొడి డబ్బాలు కడిగి ఎండబెడుతూనే ఉంది. కాకపోతే ప్రతి డబ్బా మీదా కాగితం అంటించి, లోపల ఏముందో నాచేత రాయించేది. మా ఇంట్లో ఇప్పటికీ రాయని డబ్బా ఒక్కటి కూడా ఉండదు. నా మనవరాలు ఉప్పు డబ్బా మీద ఉప్పు అని ఎందుకు రాశావు, చూస్తే తెలియదా అంటుంది. చూస్తే తెలియదనే నేను చెబుతాను.

మొన్నీమధ్య ల్యాబ్‌కు, పరీక్షల్లో వాడే ఒక రసాయనం వేరే కంపెనీది వచ్చింది. పేరు అదే, సీసా అదే, రంగు అదే. ముందు పరీక్షించి చూడాలన్నాను. పోర్టులో ఓడ ఎదురుచూస్తోంది మేడమ్, ఏమీ కాదు, సంతకం పెట్టండి అన్నాడు మా కొత్త ఇన్‌ఛార్జి. ఓడను ఎదురుచూడనివ్వమన్నాను. ఈ వయసులో ఇఖామా మళ్ళీ వేయించాలంటే పైవాళ్ళను మంచి చేసుకోవాలి కదా అని, నా మేలు కోరే అన్నాడు. నేను కలం మూత పెట్టేశాను. పరీక్ష పూర్తయ్యేదాకా సంతకం పెట్టలేదు. ఫలితం బాగానే వచ్చింది. ఇంత రాద్ధాంతం చేసింది దీనికేనా అన్నట్టు అందరూ నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను. బాగుందని మధ్యాహ్నం తెలిసింది, పొద్దున తెలియదు. మళ్ళీ వస్తే మళ్ళీ ఆపుతాను. ఈసారి నన్నే పంపించేస్తే తాళంచెవి మర్యాదగా చేతిలో పెట్టి వెళ్తాను.

ఏమీ కాదులెండి అని నాకు చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. వాళ్ళు తిన్నవి చప్పటివే. ప్లేటులో ఆఖరిది ఇంకా మిగిలి ఉంది, నా కళ్ళు దాని మీదే ఉన్నాయి.